జొన్నగిరామె పేరు

మా మరిది మూడు నెలలు కూర్చుని వంశవృక్షం తయారుచేశాడు. గోడ కేలెండరంత కాగితం మీద బోదె, కొమ్మలు, రెమ్మలు, ఆకుల్లో పేర్లు. చూడముచ్చటగా ఉంది, కాదనను. ఆరు తరాల మగవాళ్ళు వరసగా కొలువు తీరారు. ఆడవాళ్ళు మాత్రం కింది మూడు తరాలతోనే ఆగిపోయారు. అంతకు పైన ఆకులన్నీ ఒంటి మగవాళ్ళే.

"పై తరాల్లో పిల్లలు చెట్టుకే కాశారా ఏమిటయ్యా?" అన్నాను.

"పేర్లు దొరకలేదు వదినా! దొరికితే రాయనా?" అన్నాడు పాపం, నొచ్చుకుని.

ఆ దొరకని పేర్లలో ఒకటి నేను బాగా ఎరిగిన మనిషిది. ఎరగడమంటే చూశానని కాదు. ఆవిడ పోయి ఎనభై ఏళ్ళు దాటింది. కాని కొత్తకోడలిగా ఆదోనిలో అడుగుపెట్టిన రోజు నుంచీ ఆవిడ ఊసు రాని పండగ లేదు. "జొన్నగిరామె ఉంటే ఇట్ల నూనె ఒలకబోయనిచ్చునా?" "జొన్నగిరామె వేయించిన అరుగు అది, దాని మీద చెప్పులతో నిలబడొద్దు." ఆవిడ మా మామగారికి తాతగారి తల్లి. జొన్నగిరి నుంచి వచ్చింది కనుక జొన్నగిరామె. కోడలిని పుట్టింటి ఊరితో పిలవడం మా వైపు వాడుక. ఆ లెక్కన నేను ఎమ్మిగనూరామెను. ఇన్ని నవలల అట్టల మీద నా పేరు అచ్చయినా, మావారి వైపు ముసలివాళ్ళకి నేటికీ నేను ఎమ్మిగనూరామెనే. నూరేళ్ళ తర్వాత ఏ మనవడో ఇలాగే చెట్టు బొమ్మ గీస్తే నా ఆకులో ఏం రాస్తాడో మరి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆదోని ఇల్లు అమ్మేద్దామన్న మాట వచ్చింది. ఉండేవాళ్ళు లేరు, కప్పు కారుతోంది, అందరూ ఒప్పుకున్నారు. దస్తావేజులన్నీ బయటికి తీశారు. ముత్తాత పేరు, తాత పేరు, తండ్రి పేరు... ఎక్కడా ఆవిడ లేదు. కాని మావారి మేనత్త ఉన్నారు, వరసకి నాకు పెద్దమ్మ. ఆవిడ ఎప్పుడూ అనే మాట ఒకటుంది: "అది ఆదోని ఇల్లు కాదమ్మా, జొన్నగిరి మన్ను." జొన్నగిరామెకు పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను అమ్మి, ఆ డబ్బుతో కట్టిన ఇల్లు అది. ఇల్లు చేతులు మారకముందు ఆ మాటకు రుజువు, ఆ మనిషికి పేరు సంపాదించాలని పట్టుబట్టాను.

"రికార్డుల గదిలో లక్ష కాగితాలుంటాయి. పేరు తెలియని మనిషిని ఏమని అడుగుతావు?" అన్నారు మావారు.

న్యాయమైన ప్రశ్నే. బజారుకు పోయేముందు ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో చూసుకోని ఇల్లాలు ఉన్న చింతపండే మళ్ళీ కొనుక్కొస్తుంది. పాత రికార్డుల సంగతీ అంతే. అక్కడి మనుషులు మనం అడిగిన కట్ట తెచ్చి ఇస్తారు తప్ప మన ముత్తవ్వ ఎవరో వాళ్ళకేం తెలుస్తుంది? ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ రకం కాగితం అన్నది మనమే చెప్పాలి. అందుకని ముందు ఎమ్మిగనూరు బస్సెక్కి పెద్దమ్మ దగ్గరికి పోయాను.

"పెద్దమ్మా, జొన్నగిరామె పేరేమి?"

"పేరెవరికి గావల్ల? జొన్నగిరామె అంటే ఊరంతా ఎరుక. నాకు మూడేండ్లప్పుడు పోయింది. ఆయమ్మ చేతి బెల్లమ్ముక్క తప్ప నాకేం గుర్తులే."

"ఇల్లు ఏ సంవత్సరం కట్టినారు?"

"నేనేమన్నా చూసినానా?"

ఇలా లాభం లేదని అర్థమయింది. ముసలివాళ్ళను సంవత్సరం అడగకూడదు, ఆ ఏడు ఏం జరిగిందో అడగాలి. "ఇల్లు కట్టేనాటికి తాత పుట్టినాడా?" అన్నాను. వెంటనే అందుకున్నారు. "యాడ పుట్టినాడు! తారణలో ఇల్లు చేరినారు, పార్థివలో మా తాత పుట్టినాడు. ఆయమ్మ మెట్టినింటికొచ్చింది ధాత కరువులో. ఇంకా పిల్ల. పుట్టింట్లో గింజల్లేవు. ఆదోనికి రైలుంది, రైల్లో గింజలొస్తాయి, యాడో ఒక చోట బతకనీ అని పంపించినారంట. పంపించినోళ్ళు ఏమైనారో తెలీదు. మళ్ళ పుట్టింటి మనిషనేది రాలేదు."

ఆ నాలుగు మాటల్లో నాకు కావలసిన చరిత్రంతా ఉంది. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి కదా. ధాత 1816లోనూ వచ్చింది, 1876లోనూ వచ్చింది, 1936లోనూ వచ్చింది. కరువుతో కలిపి చెప్పారు కనుక అది 1876–77. రాయలసీమ మరచిపోని కరువు అది. 1871లో జరిగిన జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగోవంతు తగ్గిపోయారు. రైలు మాట కూడా నిజమే. మద్రాసు నుంచి వచ్చే రైలు దారి ఆదోని మీదుగా రాయచూరు చేరింది 1871లో. రైలు పడిన అయిదేళ్ళకు కరువొచ్చింది. కరువులో గింజలు వచ్చిందీ ఆ రైల్లోనే. ఎవరో తండ్రి ఆ లెక్క వేసుకుని పదేళ్ళ పిల్లను కాపురానికి ముందే పంపేశాడు. ధాత నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే తారణ 1884–85, పార్థివ 1885–86. అంటే చేను అమ్మింది 1884కు కాస్త అటూ ఇటూ.

ప్రభుత్వ లెక్కల్లో ఇది కూడా చాలదు. పాత భూమి కాగితాలన్నీ ఫసలీల్లో ఉంటాయి. జూలైలో మొదలయ్యే ఫసలీకి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. తారణ అంటే 1294 ఫసలీ. ఈ కూడికలన్నీ మా అమ్మాయి పాత నోటుబుక్కు వెనక పేజీలో వేసుకున్నాను. ఆర్ట్స్ చదివినదాన్ని, చేతి వేళ్ళు లేనిదే నాకు లెక్క రాదు.

తరువాత చిక్కు ఊరిది. జొన్నగిరి, ఆదోని ఇప్పుడు రెండూ కర్నూలు జిల్లాయే. కాని ఆవిడ నాటి మాట వేరు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీకి దత్తం చేశాడు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు. మంత్రాలయం మఠం ఇనాము కథలో అందరికీ తెలిసినవాడే. ఆయన చివరికి 1827లో జొన్నగిరికి దగ్గరలోని పత్తికొండలోనే కలరా తగిలి పోయాడు. 1808లో ఈ దత్తమండలాన్ని బళ్ళారి, కడప అని రెండు జిల్లాలు చేశారు. పత్తికొండ తాలూకా అప్పుడు బళ్ళారిలో ఉండేది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు దాన్ని ఇటు కలిపారు. ఆదోని మాత్రం 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా బళ్ళారి జిల్లాలోనే ఉండిపోయింది. అంటే జొన్నగిరామె ఒక జిల్లాలో పుట్టి ఇంకో జిల్లాకు కోడలుగా పోయింది. ఆవిడ పుట్టింటి కాగితాలు కర్నూలు పేరున, అత్తింటి కాగితాలు బళ్ళారి పేరున ఉంటాయి. ఇది తెలియక కర్నూలు కట్టలన్నీ తిరగేసి, ఆదోని కనిపించలేదని ఏడ్చుకుంటూ తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువట.

ఊరు చూడకుండా ఊరి కాగితాలు చూడటమేమిటని మావారిని బయలుదేరదీసి జొన్నగిరి వెళ్ళాం. తొలకరి రోజులు. పొలాల నిండా జనం. తలవంచుకుని నేల మీద చూపు తిప్పకుండా నడుస్తున్నారు. జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల తొలకరి వానకు మట్టి కడుక్కుపోయి వజ్రాలు పైకి తేలతాయి. ఎక్కడెక్కడి నుంచో సద్దిమూటలు కట్టుకొచ్చి వెతుకుతారు. కొంగు నడుముకు బిగించిన ఒకామె నన్ను చూసి పలకరించింది.

"మీరూ రాళ్ళకేనామ్మా?"

"కాదమ్మా, ఒక పేరు కోసం వచ్చినాను."

"మా ఊర్లో పారేసుకున్నారా?" అంది నవ్వకుండా.

అవునంటే అవును మరి.

ఆ ఊరి దగ్గరే ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1928–29లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడి కంటపడ్డాయి. పద్నాలుగు శిలాశాసనాలూ, చిన్న శాసనాలూ ఒక్కచోటే ఉన్నాయి. చిన్న శాసనాన్ని చెక్కినవాడు చిత్రమైనవాడు. కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, చేను దున్నుతున్నట్టు రాశాడు. అశోకుడి దక్షిణ రాజధాని సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల మాట. ఆ బండల ముందు నిలబడితే నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచిందేమిటంటే, ఇంత రాయించిన రాజు ఇక్కడ ఎక్కడా తన పేరు చెప్పలేదు. దేవానాంప్రియుడు అంటాడు, ప్రియదర్శి అంటాడు, అశోకుడు అనడు. 1837లో ప్రిన్సెప్ ఆ లిపి చదివినప్పుడు ఈ రాజెవరో తెలియక తికమకపడ్డాడు. సింహళ గ్రంథాల్లో ఆ బిరుదు ఎవరిదో చూసి టర్నర్ అనే ఆయన అశోకుడని చెప్పాడు. శాసనంలోనే అశోకుడన్న పేరు దొరికింది మాత్రం 1915లో, ఆదోనికి ఆవలివైపు రాయచూరు జిల్లా మస్కిలో. బంగారు గనుల ఇంజనీరొకాయన చూశాడు. అంత రాజుకే అసలు పేరు తేలడానికి అన్నాళ్ళు పడితే, జొన్నగిరామె కోసం నేను రెండు బస్సులు మారడం ఒక లెక్కా?

అశోకుడి శాసనాల్లో ఒక రాణి పేరు కూడా ఉంది. అలహాబాదు స్తంభం మీద, రెండో రాణి కారువాకి, తీవరుడి తల్లి. ఆ పేరు అక్కడికి ఎందుకెక్కిందంటే, ఆవిడ ఇచ్చిన మామిడితోపులూ, తోటలూ, సత్రాలూ ఆవిడ పేరునే లెక్క రాయాలని రాజు ఆజ్ఞ. ఆనాటి నుంచీ ఇదే తీరు. ఆస్తి చేతులు మారిన చోట తప్ప ఆడదాని పేరు కాగితమ్మీదికి రాదు. కాబట్టి నేను వెతకవలసింది పుట్టుకల లెక్కల్లో కాదు, అమ్మకాల లెక్కల్లో.

ఇంటికొచ్చాక మావారు తండ్రి తద్దినం పెట్టారు. మూడు తరాల పితరులనూ, వారితోపాటు తల్లి, నాయనమ్మ, తాతగారి తల్లి ముగ్గురినీ గోత్రనామాలతో తలచుకుంటుంటే వంటింట్లో గారెలు తీస్తున్న నా చెయ్యి ఆగింది. ఇన్ని కచేరీల్లో ఏదీ ఆడవాళ్ళ పేర్లు వరసగా దాచలేదు, తర్పణం దాచింది! కాని మూడు తరాలకే. ఒక తరం కిందికి దిగితే పైన ఒక పేరు రాలిపోతుంది. మామగారు బతికున్నన్నాళ్ళూ ఆయన నోట జొన్నగిరామె ఉంది. ఆయన పోయారు, ఆవిడ జాబితాలోంచి జారిపోయింది.

మామగారికి పేర్లు తప్పుపోతాయని భయం. ఒక చిన్న పుస్తకంలో రాసుకుని ముందు పెట్టుకునేవారు. దేవుడి గదిలో పంచాంగాల కింద అది దొరికింది. తల్లి, నాయనమ్మ, ఆ పైన ముత్తవ్వ. అదీ ఆవిడ పేరు! వెంటనే పెద్దమ్మకు ఫోను చేసి చదివి వినిపించాను.

"అది మనోళ్ళు పెట్టిన పేరే తల్లీ," అన్నారు పెద్దమ్మ చల్లగా. "పుట్టింటోళ్ళు పెట్టింది కాదు. ఆయమ్మకూ ఆయమ్మ అత్తకూ ఒకటే పేరంట. అత్త పేరు పెట్టి కోడల్ని ఎట్ల అరుస్తారు? వచ్చిన పొద్దే మార్చినారు."

నీరుగారిపోయాను. జొన్నగిరి చేను కాగితం పుట్టింటివారు రాయించినది. అందులో ఉండేది పుట్టింటి పేరు. చేతిలో ఉన్నది అక్కరకు రాని పేరు. రెండు రోజులు అలాగే తిరిగాను. మూడోనాడు బట్టలు ఆరేస్తుంటే తట్టింది. అత్త పేరూ కోడలి పేరూ ఒకటే అయితే, అత్త పేరు దొరికితే చాలు కదా! ఆ అత్త ఎవరి జాబితాలో ఉంటుంది? మామగారి దాంట్లో ఉండదు, ఆమె నాలుగో తరం. మామగారి తండ్రి జాబితాలో ఉండాలి, ఆయనకు ఆవిడే మూడో పేరు.

ఇల్లు అమ్మకానికి ఖాళీ చేస్తున్నారు కనుక అటకలన్నీ కింద ఉన్నాయి. పాత ఇత్తడి డబ్బాలో, సత్యనారాయణ వ్రతకథ పుస్తకంలో మడతపెట్టి ఉంది ఆయన చేతిరాత కాగితం. నల్లసిరా గోధుమరంగుకు తిరిగింది. తల్లి పేరు సరిపోయింది. నాయనమ్మ చోట మామగారి పుస్తకంలోని ముత్తవ్వ పేరే ఉంది, అదీ సరిపోయింది. ఆ పైన అత్తగారి పేరు. మరిదిని కూర్చోబెట్టి ముందు నుంచీ చెప్పాను. "లాయరువి కావలసింది వదినా నువ్వు," అన్నాడు.

తర్పణం లేని ఇళ్ళలోనూ దారి లేకపోలేదు. పెద్ద మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టడం మనలో ఉన్నదే. ఇంట్లో ఎవరి పేరైనా ఎవరూ నోరారా పిలవకుండా అమ్మణ్ణి, పాపక్క అని దాటవేస్తున్నారంటే ఆ పేరు పాతదని గుర్తు. ఈ సంగతి పెద్దవాళ్ళు ఉండగా అడగాలి.

ఇక రికార్డుల పని. నూరు రూపాయలకు పైబడిన భూమి అమ్మితే రిజిస్టరు చేయించి తీరాలన్న చట్టం 1860ల నుంచీ ఉంది. ఆ కచేరీల్లో రెండు సూచికలుంటాయి. ఒకటి మనుషుల పేర్లను బట్టి, రెండోది ఊరినీ భూమినీ బట్టి. మనుషుల సూచికలో ఆవిడ ఏ పేరున ఉందో రుజువు కావాలి. కనుక ముందు రెండోది తీయించి, జొన్నగిరి కింద 1882 నుంచి 1886 దాకా అమ్మకాలు చూడాలి. అమ్మినది ఆడమనిషై, భర్త ఆదోని కాపురస్థుడైతే సగం దొరికినట్టే. పెద్దమ్మ మరో మాట కూడా అన్నారు, ఆవిడ తండ్రికి జొన్నగిరిలో దేవుని మాన్యం ఉండేదని. 1858లో వేసిన ఇనాం కమిషను 1860లలో ఊరూరి మాన్యాలన్నీ విచారించి రిజిస్టర్లు రాయించింది. మాన్యం ఎవరు ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వయసెంత, మొదటి ఇనాందారుకు ఏమవుతారు, అన్నీ అందులో ఉంటాయి. కూతుళ్ళుండరు, నాకు తెలుసు. తండ్రి పేరు దొరికితే చాలు, అమ్మకం కాగితంలో "ఫలానా వారి కుమార్తె" అన్నచోట పోల్చుకోవచ్చు. కరణాల ఇళ్ళలోని కవిలె కట్టల మీద మాత్రం ఆశ పెట్టుకోలేదు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని కచేరీకి చేరాయి, కొన్ని పొయ్యిలోకి చేరాయి.

కర్నూలు కలెక్టరు కచేరీకీ, హైదరాబాదు తార్నాకలోని పురాభిలేఖాగారానికీ, బళ్ళారి జిల్లా నాటి సంగతుల కోసం చెన్నై ఎగ్మూరులోని పాత మద్రాసు రికార్డు ఆఫీసుకూ మూడు ఉత్తరాలు రాశాను. ఏ ఊరు, ఏ తాలూకా, అప్పటి జిల్లా, ఫసలీ, కావలసిన రిజిస్టరు, అన్నీ ఒక్కో కాగితం మీద విడివిడిగా రాశాను. "మా ముత్తవ్వ కథ" అని రెండు పేజీలు అదనంగా రాస్తే మావారు చించేశారు. మంచిపనే చేశారు.

సంచి సర్దుకున్నాను. గుర్తింపు కార్డు, దాని నకళ్ళు, పరిచయ పత్రం, భూతద్దం, దుమ్ముకు ముక్కు కట్టుకోవడానికి పాత వాయిల్ చీర ముక్క, పలచని స్వెట్టరు. పెన్నులు ఇంట్లోనే పెట్టేశాను. పాత కాగితాలున్న గదుల్లోకి పెన్సిలే తప్ప సిరా రానివ్వరు. మా అమ్మాయి పెన్సిళ్ళు నాలుగు చెక్కి పెట్టింది.

మరిది వచ్చాడు, చెట్టు బొమ్మ చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని. అచ్చుకు ఇవ్వాలట. "ఆ పేరేదో చెప్పు వదినా, ఆకులో రాసేస్తాను" అన్నాడు. ఈ వ్యాసంలో కూడా ఆ పేరు రాయకుండా దాటుకొచ్చానని మీరు గమనించే ఉంటారు. నా దగ్గరున్నది అటక మీది కాగితమూ, ముసలావిడ మాటా, నా లెక్కా. ఆవిడ వేసిన నిశానీ పక్కన ఆ పేరు నా కళ్ళతో చూడాలి.

మా అమ్మాయి చెక్కిన పెన్సిళ్ళలో ఒకటి తీసి అతని చేతికిచ్చాను. "ప్రస్తుతానికి దీంతో రాయి" అన్నాను.